రోమన్ కంచు నాణేల మీద లేత ఆకుపచ్చ పొడి: ఏం చేయాలి, మిగతావి ఎలా పోల్చుకోవాలి, ఇకపై ఎలా కొనాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరుండేది విశాఖలో. శుభ్రం చేయని రోమన్ కంచు నాణేలు ఇరవై, ఒక లాటుగా బయటి దేశం నుంచి తెప్పించుకున్నారు. వర్షాకాలం మొదలయ్యాక వాటిలో రెండింటి మీద లేత ఆకుపచ్చ పొడి లేచింది. దాన్ని ఎలా ఆపాలి, మిగతావాటిని ఎలా శుభ్రం చేయాలి, అవి ఎవరివో ఎలా తెలుసుకోవాలి, ఇకపై ఎలా కొనాలి అని అడిగారు. ముందు పొడి సంగతి చూద్దాం. మిగతా పనులు వచ్చే ఏడాది చేసుకున్నా నష్టం లేదు, ఇది మాత్రం రోజూ నాణేన్ని తింటూనే ఉంటుంది.

ఆ రెండింటినీ ఇవాళే వేరే డబ్బాలో పెట్టండి. ఇది సూక్ష్మజీవుల వల్ల వచ్చేది కాదు, పక్క నాణేనికి అంటుకోదు. అయితే రాలిన పొడిలో క్లోరైడు ఉంటుంది, అది ఇంకో నాణెం మీద పడకుండా ఉండడమే మంచిది. పదిరెట్ల భూతద్దం కింద పొడిని టూత్‌పిక్‌తో మెల్లగా కదిపి చూడండి. పిస్తా రంగులో మెత్తగా రాలి, కింద చిన్న గుంట కనిపిస్తే అది కంచు తెగులే, ఇంగ్లీషులో బ్రాంజ్ డిసీజ్ అంటారు. గట్టిగా, నున్నగా, ముదురు ఆకుపచ్చగా ఉండి టూత్‌పిక్‌కు లొంగకపోతే అది మామూలు చిలుము. దాని జోలికి వెళ్ళకండి. అనుమానం తీరకపోతే నాణెం మీద పొడి అంతా తీసేసి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో తడి దూది పక్కన, నీరు తగలకుండా, రెండు రోజులు ఉంచండి. తెగులు బతికే ఉంటే అదే చోట మళ్ళీ పొడి లేస్తుంది.

ఇది ఎందుకు వస్తుందో తెలిస్తే తర్వాత చేసే ప్రతి పనికీ కారణం తెలుస్తుంది. పదహారు, పదిహేడు వందల ఏళ్ళు మట్టిలో ఉన్నప్పుడు నేలలోని ఉప్పు లోహంలోకి దిగి, అడుగున రాగి క్లోరైడుగా కూర్చుంటుంది. పొడిగా ఉన్నంతకాలం అది ఊరికే ఉంటుంది. గాలిలో తేమ 45 శాతం దాటాక నీరు, ఆక్సిజన్ తగిలి అది ఉబ్బి లేత ఆకుపచ్చ పొడిగా మారుతుంది. ఆ మార్పులో కొంత ఆమ్లం కూడా పుడుతుంది. ఆ ఆమ్లం మిగిలిన రాగిని తిని మళ్ళీ క్లోరైడు చేస్తుంది. అందుకే పైన తుడిచేస్తే సరిపోదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల వర్షాకాలంలో తేమ 70 శాతం పైనే ఉంటుంది, గాలిలో సముద్రపు ఉప్పు అదనం. యూరప్‌లో డీలరు అరలో ఏళ్ళ తరబడి నిక్షేపంగా ఉన్న నాణెం మన దగ్గరికి రాగానే పొడి రాల్చడానికి కారణం ఇదే.

వైద్యం ఇలా చేయండి. ముందు రెండు వైపులా ఫొటో తీసి, 0.01 గ్రాము చూపించే నగల త్రాసు మీద బరువు రాసుకోండి. గుంటల్లోని పొడిని భూతద్దం కింద టూత్‌పిక్‌తోనో మొద్దు సూదితోనో తీయగలిగినంత తీయండి. నాణేనికి మైనమో వార్నిషో పూసి ఉంటే మందు లోపలికి దిగదు కాబట్టి ఒక గంట అసిటోన్‌లో ఉంచి తీయండి. కిటికీలు తెరిచి పెట్టుకోండి, దగ్గర్లో మంట ఉండకూడదు. తర్వాత సోడియం సెస్క్వికార్బొనేట్ ద్రావణం తయారు చేసుకోవాలి. పేరు పెద్దదే కానీ ఇంట్లో చేసుకోవచ్చు: లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 28 గ్రాముల నీరులేని సోడియం కార్బొనేట్, 22 గ్రాముల వంటసోడా కలిపితే సుమారు అయిదు శాతం ద్రావణం అవుతుంది. మీ దగ్గర ఉన్నది స్ఫటికాల రూపంలోని చాకలిసోడా అయితే దాని బరువులో సగానికి పైగా నీరే, అప్పుడు 28 బదులు 75 గ్రాములు వేయాలి. ఈ తేడా పట్టించుకోకుండా పలచగా కలిపి, వైద్యం పనిచేయలేదని వదిలేసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

గాజు సీసాలో నాణేలు మునిగేలా పోసి వారానికోసారి ద్రావణం మార్చండి. తక్కువలో తక్కువ నాలుగు వారాలు, తెగులు లోతుగా ఉంటే మూడు నాలుగు నెలలు పడుతుంది. ద్రావణం నీలంగా మారితే కొంత రాగి కరుగుతున్నట్టు. నాణెం మీద నీలి ఆకుపచ్చ పొర కొత్తగా కడుతుంటే ఆపేసి డిస్టిల్డ్ వాటర్‌లోకి మార్చండి. ఈ వైద్యానికి ఉన్న లోపమే అది, చిలుము రంగు కొద్దిగా మారవచ్చు. నాణెం పోవడం కంటే రంగు మారడం నయం.

ఆ తర్వాత మామూలు డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి రెండు మూడు రోజులకోసారి నీరు మార్చండి. ఇక్కడ నీటిలో కరిగిన లవణాలను కొలిచే చవకైన టీడీఎస్ పెన్ను పనికొస్తుంది. తాజా నీటిలో చూపిన అంకె, మూడు రోజులు నానిన నీటిలో చూపిన అంకె దాదాపు ఒకటే అయ్యాక ఆపవచ్చు. సోడా ద్రావణంలో పెన్ను పెట్టి చూస్తే ఏమీ తెలియదు, సోడాయే అంకెను పెంచేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ బదులు బోరు నీళ్ళో కుళాయి నీళ్ళో వాడితే, వదిలించాలనుకున్న క్లోరైడునే మళ్ళీ నాణేనికి పట్టిస్తున్నట్టు. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ ఎక్కడైనా దొరుకుతుంది. టీడీఎస్ అయిదు లోపు ఉందో లేదో చూసి వాడండి.

ఆరబెట్టడం సగం వైద్యం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పది నిమిషాలు ముంచి తీస్తే గుంటల్లోని నీటిని అది లాగేస్తుంది. ఆల్కహాల్ గాలికి పూర్తిగా ఎగిరిపోయాక, సిలికాజెల్ ఉన్న మూత డబ్బాలో రెండు రోజులు ఉంచండి. ఆల్కహాల్ గానీ అసిటోన్ గానీ తడిగా ఉన్న నాణేన్ని ఓవెన్‌లో పెట్టవద్దు, అంటుకుంటుంది. మ్యూజియంలలో ఈ దశలో బెంజోట్రయజోల్‌ను ఆల్కహాల్‌లో మూడు శాతం కలిపి ఒక రోజు నానబెడతారు. అది లోహం మీద పలచని రక్షణ పొర కడుతుంది. కానీ ఆ పదార్థం ఆరోగ్యానికి మంచిది కాదు. గ్లవ్స్, గాలి ఆడే గది, విడి పాత్రలు లేకుండా ఇంట్లో చేయవద్దు. పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. చివరగా మైక్రోక్రిస్టలైన్ మైనం, సేకర్తలు రినైసాన్స్ వాక్స్ అనేది, గోరంత తీసుకుని మెత్తని బ్రష్‌తో రాసి గుడ్డతో మెరుగు పెట్టండి. మళ్ళీ తడి దూది పరీక్ష చేసి, నెల రోజులు విడిగానే ఉంచి, అప్పుడు మిగతావాటితో కలపండి.

ఇక మిగతా పద్దెనిమిది. వీటి విషయంలో మన ఇళ్ళలో ఉన్న ఒక అలవాటు నాణేలకు ప్రాణాంతకం. ఇత్తడి చెంబుకు చిలుము పడితే చింతపండు వేసి తోముతాం, తళతళలాడుతుంది. రోమన్ నాణేన్ని అలా తోమితే నాణెం పోయినట్టే. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, ఇత్తడి తోమే పొడులు అన్నీ ఆమ్లాలో గరుకు పొడులో. భూమిలో ఉన్నంతకాలం నాణెం పైపొర లోహం మెల్లగా ఎర్రని ఆక్సైడుగా, దాని మీద ఆకుపచ్చ కార్బొనేటుగా మారుతుంది. చక్రవర్తి జుట్టు పాయలు, కిరీటం ముత్యాలు, అక్షరాల అంచులు ఇప్పుడు ఉన్నది ఆ మారిన పొరలోనే, కింద మిగిలిన లోహంలో కాదు. చిలుము కరిగిస్తే ముఖమే కరిగిపోతుంది. మిగిలేది గుంటలు పడ్డ గులాబీ రంగు బిళ్ళ. దానికి మళ్ళీ చిలుము తెప్పించే మార్గం లేదు. ఎలక్ట్రాలిసిస్ కూడా ఇదే పని ఇంకా వేగంగా చేస్తుంది.

చేయాల్సిందల్లా డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టడం, వారానికోసారి నీరు మార్చడం, మార్చినప్పుడల్లా మెత్తని టూత్‌బ్రష్‌తో రుద్దడం, గట్టి మట్టిని భూతద్దం కింద వెదురు పుల్లతో గీకడం. ఇనుప సూది, బ్లేడు చిలుము మీద గీత పెడతాయి, చెయ్యి కుదిరేదాకా వాటిని ముట్టుకోవద్దు. ఆలివ్ నూనెలో నానబెట్టమని కొందరు చెబుతారు. నూనెలోని ఆమ్లం చాలా మెల్లగానైనా చిలుమును తింటుంది, జిడ్డు వదలడం కష్టం, తర్వాత తెగులు వస్తే మందు లోపలికి దిగదు. నేను వద్దంటాను. అక్షరాలు చదవడానికి వచ్చిన చోట శుభ్రం చేయడం ఆపేయండి. మట్టి రంగు పలచగా మిగిలితే అక్షరాలు ఇంకా బాగా కనిపిస్తాయి కూడా. నాణెం మీద అక్కడక్కడ బూడిద తెలుపు మెరుపు కనిపిస్తే అది మురికి అనుకోకండి. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ సుమారు క్రీ.శ. 294లో చేసిన నాణేల సంస్కరణ తర్వాత వచ్చిన ఫోలిస్ నాణేలకు పలచని వెండి పూత వేసేవారు. అది మిగిలిన చోట బ్రష్ కూడా పెట్టవద్దు.

ఎవరి నాణేలో పోల్చుకోవడం. శుభ్రం చేయని లాటుల్లో ఎక్కువ భాగం నాలుగో శతాబ్దానివే ఉంటాయి. ముందు కొలతలు: వెర్నియర్‌తో వ్యాసం, త్రాసుతో బరువు. పాతిక గ్రాముల దగ్గర, 32 నుంచి 35 మిల్లీమీటర్లు ఉంటే అది మొదటి రెండు శతాబ్దాల సెస్టెర్షియస్, ఇత్తడిది. పది పదకొండు గ్రాముల రాగిది, బొరుసు వైపు ఎస్, సి అనే రెండు పెద్ద అక్షరాలు ఉంటే అది ఆస్. నాలుగు ఆస్‌లు ఒక సెస్టెర్షియస్. మీ లాటులో ఇలాంటివి ఉండే అవకాశం తక్కువ. 15 నుంచి 20 మిల్లీమీటర్లు, ఒకటిన్నర నుంచి మూడున్నర గ్రాములు అయితే నాలుగో శతాబ్దపు చక్రవర్తి కాన్‌స్టాంటైన్ కుటుంబం దగ్గర మొదలుపెట్టండి.

ఒక నాణెం తీసుకుని దగ్గరగా చూద్దాం. వ్యాసం 17 మిల్లీమీటర్లు, బరువు 2.4 గ్రాములు. బొరుసు వైపు ఇద్దరు సైనికులు ఎదురెదురుగా ఈటెలు పట్టుకుని నిలబడ్డారు, మధ్యలో రెండు సేనాధ్వజాలు. చుట్టూ గ్లోరియా ఎక్సెర్సిటస్, అంటే సైన్యపు కీర్తి. యు అక్షరం ఉండాల్సిన చోట వి చెక్కి ఉంటుంది, లాటిన్ శాసనాల్లో అంతే. ధ్వజాలు రెండు ఉంటే 330 నుంచి 335 మధ్యది. ఒకటే ఉంటే 335 తర్వాతది, బరువు కూడా ఒకటిన్నర గ్రాముకు దిగిపోతుంది. ఒక్క బొమ్మతోనే తేదీ అయిదేళ్ళ లోపుకు కుదించగలగడం ఈ కాలపు నాణేల గొప్పతనం.

ఇప్పుడు బొమ్మ వైపు. పేరు చివర మాక్స్ ఆగ్ అని ఉంటే కాన్‌స్టాంటైన్ చక్రవర్తి. నోబ్ సి అని ఉంటే సీజర్ హోదాలో, అంటే ఉపచక్రవర్తిగా ఉన్న కొడుకుల్లో ఒకరు: రెండో కాన్‌స్టాంటైన్, రెండో కాన్‌స్టాంటియస్, కాన్‌స్టాన్స్. మూడు పేర్లూ ఒకేలా మొదలవుతాయి, మొదటి ఆరేడు అక్షరాలు చూసి తేల్చేయవద్దు. ఎనిమిదో అక్షరం నుంచి చూడాలి. పేరు డెల్మాటియస్ అని ఉంటే జాగ్రత్తగా పక్కన పెట్టండి. కాన్‌స్టాంటైన్ తమ్ముడి కొడుకు, 335లో సీజర్ అయ్యాడు, 337లో చంపేశారు. రెండేళ్ళే కాబట్టి అతని నాణేలు తక్కువ, కానీ బొరుసు అందరిదీ ఒకటే కావడంతో చవక లాటుల్లో ఎవరూ గమనించకుండా కలిసిపోతుంటాయి. ముసుగు వేసిన తల, బొరుసున నాలుగు గుర్రాల రథం ఉంటే అది 337లో కాన్‌స్టాంటైన్ చనిపోయాక ఆయన జ్ఞాపకంగా వేసింది. తోడేలు ఇద్దరు పిల్లలకు పాలిస్తున్న బొమ్మ ఉంటే రోమ్ నగరం పేరున 330 నుంచి వేసింది. సైనికుడు గుర్రం మీంచి పడుతున్నవాడిని ఈటెతో పొడుస్తుంటే 348లో మొదలైన ఫెల్ టెంప్ రెపరాషియో రకం.

చివరిది టంకశాల గుర్తు, బొరుసు వైపు అడుగు గీత కింద ఉంటుంది. ఎస్ఎంటిఎస్ అంటే థెస్సలొనీక, ఎస్ఎంకె అంటే సిజికస్, ఎస్ఎంఎన్ అంటే నికొమీడియా, టిఆర్ అంటే ట్రియర్, ఎస్ఐఎస్ అంటే సిస్కియా, పిఎల్‌జి అంటే లియాన్. వెనకో ముందో ఉన్న ఒక్క అక్షరం అందులోని విభాగం: పశ్చిమాన ఎక్కువగా పి, ఎస్, టి, క్యూ, తూర్పున గ్రీకు అంకెలు ఆల్ఫా, బీటా, గామా. అందరూ తప్పు చేసేది ఒకచోట. సిఓఎన్ఎస్ తర్వాత గ్రీకు అక్షరం ఉంటే కాన్‌స్టాంటినోపుల్. సిఓఎన్ఎస్‌టి అని ఉండి విభాగపు అక్షరం ముందుంటే అది ఫ్రాన్స్‌లోని ఆర్ల్. ఆ ఊరికి కొన్నాళ్ళు కాన్‌స్టాంటినా అని పేరు పెట్టారు, అందుకే ఈ గందరగోళం. పేరు, బొరుసు, టంకశాల మూడూ తేలాక అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్ళ ఓక్రే అనే ఉచిత డేటాబేస్‌లో వెతికితే ఆర్ఐసి (రోమన్ ఇంపీరియల్ కాయినేజ్ అనే ప్రామాణిక జాబితా) నంబరు దొరుకుతుంది. ఆ నంబరే రోమన్ నాణేనికి అంతర్జాతీయ చిరునామా.

ఇకపై కొనడం గురించి నా గట్టి అభిప్రాయం: శుభ్రం చేయని లాటులు కొనవద్దు. మంచివి ఏరేశాకే అవి మీదాకా వస్తాయి. అంతకంటే పెద్ద కారణం, వాటిలో ఎక్కువ భాగం ఎక్కడ, ఏ పొరలో దొరికాయో ఎవరూ రాసుకోకుండా తవ్వితీసినవి. ఆ సమాచారం పోతే పురావస్తు శాస్త్రానికి ఆ నాణెం మూగది. ఇరవై లాటు నాణేల డబ్బుతో పేరు, టంకశాల, పాత సేకరణ వివరాలు రాసి ఉన్న మూడు నాణేలు కొనుక్కోండి. బ్రిటన్‌లో ఉండే మనవాళ్ళకు జనానికి దొరికిన పాత వస్తువులను నమోదు చేసే అక్కడి పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్‌లో ఎక్కిన నాణేలు దొరుకుతాయి, దొరికిన చోటు కూడా తెలుస్తుంది. లక్ష్యం ఒకటి పెట్టుకుంటే చేతిలో డబ్బు నిలుస్తుంది. రెండు ధ్వజాల గ్లోరియా ఎక్సెర్సిటస్ ఒక్క రకాన్నే పదమూడు టంకశాలల నుంచి పోగుచేయడం మొదటి సేకరణకు చాలా మంచిది. అక్విలియాది మాత్రం తొందరగా దొరకదు.

నకిలీలు చిన్న కంచు నాణేల్లో తక్కువ, సెస్టెర్షియస్‌లలో చాలా ఎక్కువ. పదహారో శతాబ్దంలోనే పాదువా నగరంలో కవీనో వాటిని అనుకరిస్తూ అచ్చులు చెక్కాడు. పోతపోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నని అతుకు గీతో దాన్ని ఆకురాయితో రాసిన ఆనవాలో ఉంటుంది, పైభాగం సబ్బులా నున్నగా, అక్షరాల పక్కన చిన్న బుడగ గుంటలతో కనిపిస్తుంది. అసలు నాణెం సమ్మెటతో కొట్టినది కాబట్టి అంచు దగ్గర లోహం బయటికి పాకిన సన్నని గీతలు ఉంటాయి. ఒకే అచ్చుతో వేసిన రెండు నాణేలు ఉండవచ్చు, కానీ బిళ్ళ ఆకారం, పగుళ్ళు, బొమ్మ పక్కకు జరిగిన తీరు రెండింటిలో ఒకేలా ఉండడం అసాధ్యం. అలా కనిపిస్తే కనీసం ఒకటి నకిలీ. పెద్ద నాణేల్లో ఇంకో మోసం, అరిగిన అసలు నాణెం మీద జుట్టు, గడ్డం ఉలితో కొత్తగా చెక్కడం. చుట్టూ ఖాళీ జాగా అద్దంలా చదునుగా ఉండి జుట్టు మాత్రం పదునుగా ఉంటే అనుమానించండి. రంగు వేసిన చిలుమైతే అసిటోన్ దూదికి ఆకుపచ్చ అంటుతుంది. నిజమైనది అంటదు.

కృష్ణ ఒడ్డున దొరికిందనో పొలంలో దొరికిందనో ఎవరైనా రోమన్ కంచు నాణెం చూపిస్తే కొనవద్దు. వినుకొండ, అక్కనపల్లె, నాగార్జునకొండల్లో దొరికినవి బంగారు, వెండి నాణేలు. క్రీ.శ. నాలుగు, అయిదు శతాబ్దాల నాటి చిన్న కంచు నాణేలు పెద్ద ఎత్తున బయటపడింది కరూరు, మదురై వైపు, శ్రీలంకలో. ఒకవేళ నిజంగా మన నేలలోనే దొరికినా 1878 నాటి నిధి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించడానికి లేదు. అమెరికాలో ఉన్న పిల్లలకు ఇద్దామని సూట్‌కేసులో పెట్టవద్దు.

దాచడం. పీవీసీ కవర్లు ఒకటి రెండేళ్ళలో జిగురు ఆకుపచ్చ ద్రవం వదులుతాయి, వాటిలోంచి వెంటనే తీసేయండి. మైలార్ (పాలియెస్టర్ ప్లాస్టిక్) కవర్లు వాడండి. అయిదు లీటర్ల బిగుతు మూత డబ్బాలో 150 నుంచి 200 గ్రాముల నారింజ రంగు సిలికాజెల్, పక్కన చిన్న డిజిటల్ తేమ మీటరు పెట్టండి. అంకె 40 దాటకూడదు. నీలం రంగు జెల్‌లో కోబాల్టు క్లోరైడు ఉంటుంది, వద్దు. నారింజ రంగు మారాక 110 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచితే మళ్ళీ పనికొస్తుంది. బ్యాంకు లాకరులో పెట్టినా డబ్బాతోనే పెట్టండి. బీరువాలో కలరా ఉండల పక్కన వద్దు, కొన్నింటిలో క్లోరిన్ సమ్మేళనాలే ఉంటాయి. లక్ష్మీపూజలో పెట్టుకుంటే కవరులోంచి తీయకుండా పెట్టండి, పసుపు నీళ్ళు, పాలు తగలకూడదు. నాణేన్ని ఎప్పుడూ అంచులు పట్టుకుని ఎత్తాలి, వేళ్ళ చెమటలో ఉన్నది ఉప్పే.

తెగులు పట్టిన రెండింటి ఫొటోలు పంపండి. దీపం నాణేనికి ఒక పక్కన, దాదాపు బల్ల ఎత్తులో పెట్టి తీస్తే అరిగిన అక్షరాలకు నీడ పడి కనిపిస్తాయి. నెత్తిన ఫ్లాష్ వేస్తే ఏమీ కనబడదు. బరువు, వ్యాసం, అడుగు గీత కింద కనిపించే అక్షరాలు రాయండి. సగం అక్షరమే కనిపించినా సరే, కనిపించినంత వరకు గీసి పెట్టండి.